పసుపు కుంకుమ డబ్బుతో వైడ్ లెన్స్

వైడ్ యాంగిల్ లెన్స్ కొనుక్కోవాలని ఉంది అనగానే మా వారు అడిగిన మొదటి మాట: "ఫోన్లో 0.5 ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?"

మీ ఇంట్లో కూడా ఇదే ప్రశ్న వస్తుంది, రాసిపెట్టుకోండి. దీనికి జవాబు దొరక్కపోతే కొనకండి అనే అంటాను నేను. ఆ ప్రశ్నలో న్యాయం ఉంది మరి. 2019లో వచ్చిన ఐఫోన్ 11లో ఆ 0.5 కెమెరా దాదాపు 120 డిగ్రీల మేర చూస్తుంది. నేను మనసు పడ్డ లెన్స్ చూసేది 107 డిగ్రీలే. అంటే మూడొందల డాలర్లు పోసి ఫోన్ కంటే తక్కువ చూసే వస్తువు కొనుక్కోవడం అన్నమాట. మా వారు సాఫ్ట్‌వేర్ మనిషి, లెక్క తేలకపోతే ఒప్పుకోరు. నేనేమో నాగార్జున యూనివర్సిటీ బీఎస్సీ, ఎంపీసీ. ఇలాంటి లెక్క దొరికితే నాకు పండగే.

ఫోన్లో తీసిన ఒక ఫోటో వివరాలు తెరిచి చూశాను. ఆ 0.5 లెన్స్ అసలు ఫోకల్ లెంగ్త్ 1.54 మిల్లీమీటర్లు. అంత చిన్న లెన్స్ అంత వెడల్పు చూడాలంటే వెనకాల సెన్సర్ ఎంత ఉండాలో కట్టడానికి ఇంటర్ ట్రిగనామెట్రీ చాలు. సుమారు 4 మి.మీ. పొడవు, 3 మి.మీ. వెడల్పు. పెసరగింజంత! నా కెనాన్ రెబెల్ సెన్సర్ 22.3 మి.మీ. పొడవు, 14.9 మి.మీ. వెడల్పు. వైశాల్యంలో పాతిక రెట్లకు పైమాటే. మధ్యాహ్నం ఎండలో, ఫోన్ తెర మీద చూసుకునేంత వరకూ ఈ తేడా పెద్దగా తెలియదు. సూర్యుడు దిగిపోయాక నీడల్లోని రాయి రాయిగానే కనపడాలన్నా, ఫోటోని పెద్దగా అచ్చు వేయించి గోడకి పెట్టాలన్నా అప్పుడు తెలుస్తుంది.

మా ఇంటి ఫోటోలు గోడకెక్కేది ఇక్కడ కాదు, నరసరావుపేటలో. అమ్మకి ఫోన్లో ఫోటోలు చూడటం విసుగు. వేలు తగిలి పక్క ఫోటోకి పోతుందట, మళ్ళీ వెనక్కి తేవడం రాదు. అందుకని నేను పంపిన వాటిల్లో తమ్ముడు ఏడాదికి రెండో మూడో 12×18 సైజులో వేయించి హాల్లో పెడతాడు. మోకాళ్ళ నొప్పులతో అమ్మ అంత దూరం విమానం ఎక్కలేనని ఎప్పుడో చెప్పేసింది. కాబట్టి ఆమె చూసే అరిజోనా అంతా ఆ గోడ మీదే.

మేం గ్రాండ్ కాన్యన్ వెళ్ళినప్పుడు సౌత్ రిమ్ మీద మాథర్ పాయింట్ దగ్గర తీసిన ఫోటో ఒకటి అలాగే వేయించాడు. 277 మైళ్ళ పొడవు, ఒక మైలు లోతు ఉన్న లోయ. అక్కడ నిలబడితే కాళ్ళలో నీరసం వస్తుంది. అమ్మ ఆ ఫోటోని చాలాసేపు చూసి, వీడియో కాల్లో, "బాగానే ఉంది గానీ, లోతేదే? గోడకి రంగులేసినట్టుంది" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. అప్పటిదాకా నేను చదివినవన్నీ "వైడ్ లెన్స్ అయితే అంతా పడుతుంది" అనేవే. అంతా పడటం కోసమే కొనాలనుకున్నాను కూడా. కానీ అమ్మ అడిగింది "అంతా ఎందుకు పడలేదు" అని కాదు. నా ఫోటోలో ఉన్నవన్నీ మైళ్ళ దూరంలో ఉన్నవే. దగ్గరిది ఒక్కటీ లేదు. దగ్గరిది ఉంటేనే కంటికి దూరం ఎంతో తెలుస్తుంది. వాకిట్లో ముగ్గు, ఆపైన గేటు, ఆపైన రోడ్డు, ఆపైన గుడి గోపురం, ఇలా వరసగా కనపడితేనే గోపురం ఎంత దూరమో మనసుకి అందుతుంది. ముగ్గు, గేటు తీసేస్తే గోపురం క్యాలెండర్ బొమ్మ.

వైడ్ లెన్స్ అసలు పని ఇక్కడే ఉంది. అది తనంతట తాను లోతు పుట్టించదు. కాళ్ళ దగ్గరి రాయినీ, ఆకాశం అంచునీ ఒకే చట్రంలోకి తెచ్చుకోనిస్తుంది, పైగా రెండూ స్పష్టంగా. ఈ స్పష్టత సంగతి లెక్కేసి చూసినప్పుడు నాకే ఆశ్చర్యం వేసింది. నా కెమెరాకి 10 మి.మీ. లెన్స్ పెట్టి, ఎపర్చర్ ఎఫ్/8 దగ్గర ఉంచి, 66 సెంటీమీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే, అడుగు దూరం నుంచి అనంతం దాకా అంతా స్పష్టంగా వస్తుంది. అదే 18 మి.మీ. దగ్గరైతే రెండు మీటర్ల పైచిలుకు దూరంలో ఫోకస్ చేయాలి, స్పష్టత మీటరు దాటాక గానీ మొదలవ్వదు. కాళ్ళ దగ్గరి నాగజెముడు మసకే.

సరే, అయితే నాకు నిజంగా 10 కావాలా? దీనికి నేను చేసిన పని మీరూ చేయండి, పైసా ఖర్చు లేదు. కెమెరాతో పాటు వచ్చిన 18-55 లెన్స్‌తో తీసిన పాత ప్రకృతి ఫోటోలన్నీ కంప్యూటర్లో తెరిచి, ఏది ఎంత ఫోకల్ లెంగ్త్‌లో తీశారో చూడండి. ప్రతి ఫోటోకీ ఆ వివరం అందులోనే రాసి ఉంటుంది. నావి సగానికి పైగా 18 దగ్గరే ఆగాయి. జూమ్ ఇంక తిరగనంటున్నా చెయ్యి తిప్పుతూనే ఉన్న ఫోటోలవి. మీవి ఎక్కువగా 55 దగ్గర ఉన్నాయనుకోండి, మీకు కావాల్సింది వైడ్ కాదు, దూరాన్ని దగ్గర చేసే టెలిఫోటో. సియాటిల్లో ఉండే నా స్నేహితురాలు ఈ లెక్క చూసుకోకుండానే వైడ్ కొంది. మౌంట్ రెయినియర్ 14,410 అడుగుల కొండ. ఆమె ఫోటోలో పళ్ళెం మూలన వడ్డించిన ఇడ్లీ ముక్కలా ఉంటుంది. సగం రేటుకి అమ్మేసి 55-250 కొనుక్కున్నాక ఇప్పుడు సుఖంగా ఉంది.

ఇంక డబ్బు సంగతి. మనలో చాలామందికి ఇది చెప్పుకోవడం కష్టం. నేను హెచ్4 వీసా మీద ఉన్నాను. పని చేసే అనుమతి రాలేదు. పెళ్ళికి ముందు రెండేళ్ళు ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ చూసుకున్నాను, ఆ జీతమే నా చివరి సంపాదన. మా వారు "మంచిదే కొనుక్కో, డబ్బు సంగతి నీకెందుకు" అన్నారు. మనసులో ఏమీ పెట్టుకోకుండానే అన్నారు. కానీ కూరగాయల బిల్లు దగ్గర కూపన్ వెతికే చేత్తో ఆరేడు వందల డాలర్ల అద్దాన్ని కార్టులో వేయడం నావల్ల కాలేదు. "డబ్బు సంగతి నీకెందుకు" అన్న మాటలో ప్రేమ ఎంతుందో, నాకంటూ డబ్బు లేదన్న గుర్తింపూ అంతే ఉంది. ఇది ఆయన తప్పు కాదు, వీసా కాగితం అలా రాసి ఉంది.

నాకంటూ ఉన్నదల్లా అమ్మ వేసే పసుపు కుంకుమ డబ్బు. మొదట్లో సంక్రాంతికి చీర కొని, ఎవరైనా ఇటు వస్తుంటే పంపేది. ఇక్కడ చీర కట్టే రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని తెలిశాక, ఆరేళ్ళుగా ప్రతి పండక్కీ ఊళ్ళో నా ఖాతాలో ఐదు వేలు వేస్తోంది. ముప్పై వేలైంది. డాలర్లలో మూడొందల యాభై. అమ్మ లెక్కలో అది నా కూతురి చెవి పోగులకి. నా లెక్కలో అది నా లెన్స్ బడ్జెట్. అమ్మకి చెప్పకుండా వాడటం ఇష్టం లేక ఫోన్ చేశాను. "అద్దం ముక్కకా?" అని కాసేపు ఊరుకుంది. తర్వాత, "నీకిచ్చాక నీదే. కానీ చూసి కొను, అంగట్లో వాడు చెప్పిందల్లా నమ్మకు" అంది. ఆమె బంగారం కొనేటప్పుడు చెప్పే మాటే అది.

ఆ బడ్జెట్ వల్ల ఎంపిక తేలికైంది. నా కెమెరాకి సరిపోయేవి ప్రధానంగా మూడు కనపడ్డాయి. కెనాన్ 10-22, 2004 నుంచి ఉన్న లెన్స్, మంచి పేరు, కానీ కొత్తది నా బడ్జెట్‌కి దాదాపు రెట్టింపు. టోకినా 11-16, ఎఫ్/2.8 ఎపర్చర్, అర కిలో దాటిన బరువు. మూడోది 2014లో మూడొందల డాలర్ల ధరతో వచ్చిన కెనాన్ 10-18, ఎఫ్/4.5-5.6. బరువు 240 గ్రాములు, కెమెరాకి తగిలించే చోట కూడా ప్లాస్టిక్కే. చేతిలోకి తీసుకుంటే పిల్లల బైనాక్యులర్లా ఉంటుంది.

మనసు లాగింది టోకినా మీదకే. కారణం ఆకాశం. మా అరిజోనాలోని ఫ్లాగ్‌స్టాఫ్ 2001లో ప్రపంచంలోనే మొదటి డార్క్ స్కై నగరంగా గుర్తింపు పొందింది. రాత్రి వీధి దీపాల వెలుగు పైకి పోకుండా చూసుకునే ఊరు. అక్కడ పాలపుంత మామూలు కంటికే కనపడుతుంది. ఎఫ్/2.8 లెన్స్, ఎఫ్/4.5 లెన్స్ కంటే రెండున్నర రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి తెస్తుంది. నక్షత్రాలకి అది చాలా పెద్ద తేడా. కానీ మా అమ్మాయికి ఎనిమిదేళ్ళు, తొమ్మిదింటికి నిద్ర. అర్ధరాత్రి రెండింటికి ఎడారిలో ట్రైపాడ్ వేసుకుని నిలబడే రోజులు నాకు ఇప్పట్లో లేవు. పగటి ప్రకృతి ఫోటోలు తీసేది ఎలాగూ ఎఫ్/8 దగ్గరే. ఎఫ్/2.8కి డబ్బు పెట్టి ఎఫ్/8లో వాడటం అంటే పట్టుచీర కట్టుకుని అంట్లు తోమడం. పైగా 10-18లో చేతి వణుకుని సర్దే స్టెబిలైజర్ ఉంది. ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఇంకో భుజాన నీళ్ళ సీసాలు మోసే మనకి ట్రైపాడ్ కంటే అది నయం.

ఎఫ్/8 అంటున్నానని, ఎఫ్/22 పెడితే ఇంకా స్పష్టంగా వస్తుందేమో అనుకోకండి. డిగ్రీలో డిఫ్రాక్షన్ చదివిన వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రంధ్రం చిన్నదయ్యే కొద్దీ కాంతి చుక్క ఉబ్బుతుంది. ఎఫ్/8 దగ్గర ఆ చుక్క వ్యాసం సుమారు 11 మైక్రాన్లు, ఎఫ్/22 దగ్గర 30. నా సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ నాలుగు మైక్రాన్లు కూడా లేదు. న్యూటన్ రింగులు లెక్కపెట్టిన ల్యాబ్ పాఠాలు ఇన్నేళ్ళకి లెన్స్ బేరంలో పనికొచ్చాయి.

మా వారి స్నేహితుడొకాయన, "రేపు ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొంటే ఈ లెన్స్ దానికి పట్టదు, వృథా" అన్నారు. పట్టదన్నది నిజమే. రేపు కొనబోయే కెమెరా కోసం ఇవాళ లెన్స్ కొనడం నాకు అర్థం కాలేదు. ఇప్పుడే కొత్తగా మొదలుపెట్టే వాళ్ళకి మాత్రం ఒక మాట. ఈ రోజుల్లో కొత్తగా కొనేది మిర్రర్‌లెస్ కెమెరానే కాబట్టి, కెనాన్ అయితే 2023లో వచ్చిన ఆర్ఎఫ్-ఎస్ 10-18 చూడండి, ఇంకా తేలిక. పాత నికాన్ ఉన్నవాళ్ళకి 2017లో వచ్చిన 10-20 ఉంది. కానీ బాగా పాత నికాన్ బాడీల్లో దాని ఆటోఫోకస్ పనిచేయదు, కొనేముందు మీ మోడల్‌కి సరిపోతుందో లేదో చూసుకోండి. డబ్బా మీద అంకెలు చూసి ఎవరూ నిర్ణయం తీసుకోకండి. కెమెరా షాపుల్లో లెన్సులు అద్దెకిస్తారు. నేను ఒక వారాంతానికి అద్దెకి తెచ్చుకుని పేజ్ ఊరి దగ్గరి హార్స్‌షూ బెండ్‌కి వెళ్ళాను.

కొలరాడో నది అక్కడ గుర్రపు నాడాలా మలుపు తిరుగుతుంది. చూసే చోటు నుంచి నీళ్ళు వెయ్యి అడుగుల కింద. కారు ఆపిన చోటు నుంచి నడక రానూపోనూ ఒకటిన్నర మైళ్ళు, నీడ పెద్దగా ఉండదు. ముందు నా 18-55 పెట్టి చూశాను. 18 దగ్గర నది మలుపు ఉంది, రెండు చేతులూ తెగిపోయాయి. అద్దె లెన్స్ మార్చి 12 దాకా తిప్పగానే నాడా మొత్తం చట్రంలో కూర్చుంది. 10 దగ్గర చుట్టూ ఆకాశం కూడా మిగిలింది. నిర్ణయం అక్కడే అయిపోయింది.

అయితే ఆ పూట నేర్చుకున్న అసలు విషయం వేరే. వైడ్ లెన్స్‌లోంచి చూస్తే అన్నీ దూరంగా కనపడతాయి, మన కాళ్ళ ముందున్న అంచుతో సహా. రెండడుగుల్లో ఉన్న కొండ అంచు వ్యూఫైండర్లో ఆరడుగుల్లో ఉన్నట్టుంటుంది. "ఇంకొంచెం ముందుకెళ్తే బాగుంటుంది" అని కాలు దానంతటదే కదులుతుంది. హార్స్‌షూ బెండ్ దగ్గర కొంత మేరకే రెయిలింగ్ ఉంది, మిగతా అంతా ఉత్త రాయి. చాండ్లర్‌లో ఉండే మనవాళ్ళు ముగ్గురు 2022 డిసెంబర్ 26న వుడ్స్ కాన్యన్ చెరువు మీద గడ్డకట్టిన మంచు విరిగి నీళ్ళలో పడి పోయారు. ఆ వార్త విన్న రాత్రి మా చుట్టుపక్కల తెలుగిళ్ళలో ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఈ దేశంలో ప్రకృతి అందంగా, అందుబాటుగా, కారు దిగగానే ఎదురుగా ఉంటుంది. అది పార్కు బొమ్మ కాదని మనకి గుర్తు చేసేవాళ్ళు పక్కన ఉండరు. అందుకే మా ఇంట్లో నియమం పెట్టాను. కెమెరా కంటి దగ్గరున్నంతసేపు కాలు కదలకూడదు. జరగాలంటే కెమెరా దించి, కింద చూసి జరగాలి. నేను ఫోటో తీస్తున్నప్పుడు అమ్మాయి చెయ్యి వాళ్ళ నాన్న చేతిలో ఉండాలి, ఆ చేతిలో ఫోన్ ఉండకూడదు.

రెండు చిన్న సంగతులు, మీ డబ్బు మిగలడానికి. ఆకాశం ముదురు నీలంగా రావాలని పోలరైజర్ ఫిల్టర్ అంటగడతారు. సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశంలోనే దాని ప్రభావం ఎక్కువ. 10 మి.మీ.లో అడ్డంగానే 96 డిగ్రీల ఆకాశం పడుతుంది కాబట్టి ఒక పక్క ముదురుగా, ఒక పక్క వెలిసిపోయి, ఉతికిన లుంగీలా వస్తుంది. ఈ లెన్స్‌కి అది కొనకండి. రెండోది, చుట్టాల గ్రూప్ ఫోటోలు. ఈ లెన్స్ గీతల్ని తిన్నగా ఉంచడం కోసం అంచుల్లోని వస్తువుల్ని సాగదీస్తుంది. 10 మి.మీ.లో పక్క అంచున నిలబడ్డ మనిషి తల దాదాపు ఒకటిన్నర రెట్లు వెడల్పవుతుంది. ఆడపడుచుని అంచున నిలబెట్టారో, ఆ సంగతి పదేళ్ళు వింటారు.

అద్దెది తిరిగిచ్చేసి, 10-18 కొత్తదే కొన్నాను. పన్నుతో కలిపినా అమ్మ ముప్పై వేలలోనే సరిపోయింది. మొదటి నెల ఫోటోలు పెద్దగా బాగాలేవు, అంతా పడింది గానీ ఏదీ కనపడలేదు. కొత్తవాళ్ళందరికీ ఇదే దశట. నెమ్మదిగా వంగడం అలవాటైంది. ఈ లెన్స్‌తో నిలబడి తీస్తే నేల ఖాళీగా ఉంటుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ఏ పూవో, పగుళ్ళున్న రాయో అడుగున్నర దూరంలో పెట్టుకుంటే అప్పుడు వెనకాల కొండకి ప్రాణం వస్తుంది. మేం మళ్ళీ సౌత్ రిమ్ వెళ్ళినప్పుడు అలాగే చేశాను. రెయిలింగ్ వెనకాల కూర్చుని, దాని కమ్మీల మధ్యలోంచి లెన్స్ పెట్టి, ముందు అంచు రాతి మీద మొలిచిన ఎండు గడ్డి దుబ్బు, దాని వెనక లోయ. సాయంత్రం ఆరు దాటింది, ఎఫ్/8, ఐఎస్ఓ 400.

తమ్ముడు వేయించి గోడకి పెట్టాక అమ్మ ఫోన్ చేసింది. పలకరింపు కూడా లేదు.

"అంత అంచుకెందుకు పోయావే? పిల్లదాన్ని పక్కన పెట్టుకుని?"

రెయిలింగ్ వెనకే కూర్చున్నానమ్మా అంటే నమ్మలేదు. రెయిలింగ్ ఫోటోలో లేదుగా మరి. అల్లుణ్ణి పిలవమంది. ఆయన చెప్పాక గానీ శాంతించలేదు.

ఈ డిసెంబర్లో ఇండియా వెళ్తున్నాం. జమ్మలమడుగు దగ్గరి గండికోటకి తీసుకెళ్తానని అమ్మకి మాటిచ్చాను. పెన్నా నది కోసిన లోయ, ఎర్ర రాళ్ళు. కోట లోపల ఎంత నడవాలో, మోకాళ్ళతో అమ్మ ఎక్కడిదాకా రాగలదో తమ్ముణ్ణి ముందే కనుక్కోమన్నాను. అమ్మ ఒక షరతు పెట్టింది, ఆ అద్దం తన చేతికిచ్చి ఒకసారి లోపలికి చూడనివ్వాలట.